ముద్రల రోజున వచ్చిన నర్సు

"ఆ నర్సమ్మని ముద్రల రోజున పిలుద్దాం" అన్నాడు నా మొగుడు డ్వేన్, గుడ్లు తింటూ. నేను అప్పుడు వెనక గది నేల తుడుస్తున్నాను. చలికి బిగుసుకుపోయిన దూడనొకదాన్ని తెచ్చి అక్కడ పడుకోబెడితే అది బతికింది, బతికినందుకు గుర్తుగా నేలంతా పాడుచేసింది. గుడ్డ పిండుతూ, ముద్రల రోజునా అన్నాను. "ఏం? ఆ రోజైతే ఊరంతా మనింట్లోనే ఉంటుంది. మన కలుపుగోలుతనం చూస్తుంది. ఇక్కడే ఉండిపోతానంటుంది" అన్నాడు. ముద్రల రోజంటే మా దగ్గర ఇనుము ఎర్రగా కాల్చి దూడల తొడల మీద పెడతారు. మగదూడలకి కత్తితో చెయ్యాల్సిన పనీ అప్పుడే చేస్తారు. తల్లి ఆవులు కంచె అవతల నిలబడి గొంతు పోయేలా అరుస్తుంటాయి. ఆ పొగలో, ఆ కేకల్లో నిలబెట్టి మా ఊరు ఎంత చక్కగా ఉందో చూడమ్మా అనడం, పెళ్ళిచూపులకి వచ్చిన పిల్లని కసాయి కొట్లో కూర్చోబెట్టడం లాంటిది. ఆ మాటే అన్నాను. "నర్సే కదా, రక్తం ఆమెకి కొత్తా?" అన్నాడు. మా అత్త ఎల్డా కాఫీ కప్పులోంచి తలెత్తకుండా, నలభై మందికి వంట చెయ్యాల్సినదానివి, ముందు ఆ సంగతి చూసుకో అంది. అక్కడితో నిర్ణయం అయిపోయింది.

మా డన్‌వాల్‌లో ముసలి డాక్టరు పోయి అప్పటికి మూడేళ్ళయింది. క్లినిక్‌కి ఆయన పోయినప్పుడు వేసిన తాళం ఇంకా తియ్యలేదు. జ్వరం చూపించుకోవాలన్నా ఇసుక గుట్టల మధ్య రెండు గంటలు కారు తోలాలి, అదీ మంచు పడకపోతే. నెబ్రాస్కా రాష్ట్రంలో ఈ మూల మనుషుల కన్నా పశువులే ఎక్కువ, పశువుల డాక్టరు మాత్రం పిలిస్తే గంటలో వస్తాడు. కొత్త డాక్టరుని వెతకడానికి కమిటీ వేశారు. అందరూ మగవాళ్ళే, దానికి పెద్ద మిల్టన్ అనే ఆయన, అందులో నా మొగుడూ ఒకడు. డాక్టర్లని పిలిపించడం వాళ్ళ పని, వచ్చినవాళ్ళకి విందు చెయ్యడం మా పని. ఒకాయన నేను కాల్చిన ఆపిల్ పై రెండు ముక్కలు తిని, సాయంత్రాలు ఇక్కడ ఏం చేస్తారని అడిగి, జవాబు విని వెళ్ళిపోయాడు. ఇంకొకావిడ తన భర్తకి ఇక్కడ ఉద్యోగం దొరకదని రానంది. చివరికి డాక్టరు దొరకడని తేలి, ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ కోసం వెతకడం మొదలుపెట్టారు. ఆవిడ కూడా పరీక్ష చేస్తుంది, మందు రాసిస్తుంది, చంటిపిల్ల నుంచి పండుముసలి దాకా ఇంటిల్లిపాదినీ చూస్తుంది. మిల్టన్ మాత్రం "సగం డాక్టరన్నమాట" అనేవాడు, చవక సరుకు కొనుక్కొచ్చిన మొహం పెట్టి.

ఈ వెతుకులాటలో నాకు ఒక సొంత పని ఉందని ఎవరికీ తెలియదు. చిన్నవాడు పుట్టినప్పటి నుంచి, అంటే పద్నాలుగేళ్ళుగా, నా గర్భసంచి కిందికి జారుతోంది. పొద్దున్న బాగానే ఉంటుంది. మధ్యాహ్నానికి బరువు మొదలవుతుంది, తడిసిన సంచి ఏదో లోపల వేలాడుతున్నట్టు. సాయంత్రానికి బయటికి వస్తుంది. బాత్రూంలోకి వెళ్ళి, చెయ్యి కడుక్కుని, లోపలికి నెట్టుకుని, మళ్ళీ చెయ్యి కడుక్కుని వచ్చి వంట చేస్తాను. ఎవరికి చెప్పను? డ్వేన్‌కి చెపితే ఏం చేస్తాడో నాకు బాగా తెలుసు, ఏమీ చెయ్యడు, కానీ నన్ను చూసే చూపు మారుతుంది. ముసలి డాక్టరేమో మా మామగారితో పేకాడేవాడు. అత్తకి చెప్పే ధైర్యం అసలే లేదు. నాలుగో కాన్పయిన పదో రోజున నేను కాసేపు పడుకుంటే, "మా రోజుల్లో కాన్పయిన వారానికి గడ్డి మోపులెత్తాం, ఇప్పటి ఆడవాళ్ళవి గాజు నడుములు" అన్న మనిషి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నేను చించుకోలేదు. నడకలు మానేశాను, గెంతులు మానేశాను, దగ్గు వస్తే కాళ్ళు దగ్గరికి చేర్చుకోవడం నేర్చుకున్నాను. పెళ్ళికి ముందు నేను నడిచే మనిషిని. ఆ సంగతి నాకే మరుపున పడింది.

ముద్రల రోజు వచ్చింది. తెల్లారకముందే పొయ్యి వెలిగించి మాంసం ఎక్కించాను, చిక్కుడుగింజలు ఉడకేశాను, పైలకి పిండి కలుపుతుండగా డ్వేన్ పరుగెత్తుకొచ్చాడు. "పంచదార ఎంతుందో అంతా ఇవ్వు. ఆలస్యంగా ఈనిన ఆవొకటి, దానికి మెయ్య దిగింది." నేను పైల కోసం ఉంచుకున్న డబ్బా అలాగే ఇచ్చేశాను. మెయ్య దిగడమంటే గర్భసంచి బయటపడడం, అలా బయటపడితే వాచిపోతుంది, లోపలికి పట్టదు. దాని మీద పంచదార పోస్తే నీరు లాగి వాపు తగ్గుతుంది. ఇది ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. డబ్బాతో నేనూ కొట్టం దాకా వెళ్ళాను. డ్వేన్ గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, చొక్కా విప్పేసి, ఎర్రగా వేలాడుతున్నదాన్ని రెండు చేతులా పట్టుకుని, కడిగి, పంచదార పోసి, పిడికిలితో కొంచెం కొంచెంగా లోపలికి పంపుతున్నాడు. "ఓర్చుకో తల్లీ, ఓర్చుకో. నాకు తెలుసు. అయిపోయింది, ఇంకొంచెమే" అంటున్నాడు. ఆ గొంతు నేను నాలుగు కాన్పుల్లో ఒక్కసారి కూడా వినలేదు. ఆవు మీద అసూయపడే స్థితికి వచ్చానా అనుకుని నాకు నవ్వొచ్చింది, నవ్వితే కిందికి బరువు తెలిసింది, వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చేశాను.

ఆరెలియా ఓల్మోస్ తన కారు తనే తోలుకుంటూ వచ్చింది. పొట్టి మనిషి, నలభై దాటి ఉంటాయి, జుట్టు ముందువైపు ఒక పాయ తెల్లబడింది. మాంసం కోసే ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళో పుట్టి పెరిగిందట, వాళ్ళమ్మ అక్కడ కత్తి పట్టిన మనిషట. అందుకేనేమో పొగకీ అరుపులకీ బెదరలేదు. కంచె దగ్గర నిలబడి కాసేపు చూసి, మిల్టన్ దూడల లెక్కలు చెబుతుంటే విని, ఈ ఊళ్ళో జబ్బు పడినవాళ్ళని ఎవరు చూసుకుంటున్నారని అడిగింది. "ఎవరూ లేరు. అందుకే కదా మిమ్మల్ని పిలిచింది" అన్నాడు మిల్టన్. ఆమె వాకిట్లో బల్లలు సర్దుతున్న మావైపు చూసింది. వాళ్ళ అత్త మంచం పట్టి ఆరేళ్ళయిన ఒకామె, కొడుక్కి రోజూ ఇన్సులిన్ పొడిచే ఒకామె, మామగారిని చివరి దాకా ఎత్తి కూర్చోబెట్టిన నేను, అందరం పళ్ళేలు పట్టుకుని ఉన్నాం. ఆ చూపుతో నా చేతిలో పళ్ళెం ఉందని నాకు మొదటిసారి తెలిసినట్టయింది.

భోజనాల దగ్గర డ్వేన్ పొద్దున్నటి ఆవు కథ మొదలుపెట్టాడు. ఎంత వాచిందో, ఎలా పట్టలేదో, చివరికి ఎలా లోపలికి జారిందో చేతులతో చూపిస్తూ మాంసం నములుతూ చెప్పాడు. బల్ల చుట్టూ ఉన్న మగవాళ్ళు తమ తమ ఆవుల కథలు అందుకున్నారు. సిగ్గూ లేదు, గొంతు తగ్గించడమూ లేదు. ఆరెలియా మధ్యలో అడిగింది, ఆ ఆవుని తర్వాత ఏం చేస్తారని. "కుట్లు వేశాం కదా, దూడకి పాలిస్తుంది. ఆకులు రాలేవేళకి సంతకి తోలేస్తాం. ఒకసారి దిగిన ఆవుని ఉంచుకోం, అది మళ్ళీ దిగుతుంది" అన్నాడు డ్వేన్. మర్యాదగానే చెప్పాడు, ఇంకాస్త చిక్కుడుగింజలు వెయ్యమని నావైపు పళ్ళెం చాపుతూ.

మగవాళ్ళు తిని లేచాక మేం నిలబడే నాలుగు మెతుకులు తిని గిన్నెలు పట్టాం. మాంసం ఉడికిన పెద్ద పళ్ళేన్ని ఎత్తబోయి, మామూలుగానే కాళ్ళు దగ్గరికి చేర్చి, ఊపిరి బిగించి, ఎత్తి, గట్టు మీద పెట్టాక ఒక చేత్తో గట్టు పట్టుకుని ఆగాను. మిగిలిన ఆడవాళ్ళు పైలు పట్టుకుని బయటికి వెళ్ళారు. కప్పులు తెస్తూ లోపలికి వచ్చిన ఆరెలియా తలుపు దగ్గరగా వేసి నా పక్కన నిలబడింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

ఏది అన్నాను. ఆమె తొందరపడలేదు. ఎత్తేముందు కాళ్ళు చేర్చుకుంటున్నారు, కూర్చుంటే ఒక పక్కకి ఒరుగుతున్నారు, పొద్దుటి నుంచీ చూస్తున్నాను, తప్పయితే క్షమించండి అంది. ఆ మాటల్లో జాలి లేదు. వాన పడేలా ఉంది అన్నట్టు చెప్పింది. పద్నాలుగేళ్ళలో ఈ ఇంట్లో నా నడుము కేసి అలా చూసినవాళ్ళు లేరు, ఈ మనిషి సగం రోజులో చూసేసింది. నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"సాయంత్రానికి బయటికి వస్తుంది. చేత్తో నెట్టుకుంటాను."

"ఎవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదు."

"ఎందుకు?"

"విన్నారు కదా, ఇక్కడ అలాంటివాటిని సంతకి తోలేస్తారు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆమె నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది. గిన్నెలు తోమిన జిడ్డు చెయ్యి అది, వెనక్కి లాక్కోబోతే వదల్లేదు. అప్పుడు చెప్పింది, మనుషులు ఆవులు కాదని, ఇది బిడ్డల్ని కన్న ఆడవాళ్ళలో ఎంతోమందికి ఉంటుందని, ఇవాళ ఈ వంటింట్లో పనిచేసినవాళ్ళలో నేనొక్కదాన్నే అయ్యుండనని. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టింది. రబ్బరు లాంటి మెత్తటి రింగు, ఇంతుంటుంది, లోపల పెడితే గర్భసంచిని మోస్తుంది, కొలత సరిగ్గా చూసి పెట్టాలి అంతే, ఆపరేషన్ కావాలంటే అదీ ఉంది, ముందు ఇది చూద్దాం అంది. ఇంతేనా అన్నాను. "చాలామందికి ఇంతే" అంది.

నేను ఆ సున్నా కేసి చూస్తూ ఉండిపోయాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, నా మీదా, ఎవరో తెలియనివాళ్ళ మీదా. దాని వెనకే కోపం కన్నా చాలా పెద్దదేదో వచ్చింది. ఆకాశం కేసి ఎన్నో ఏళ్ళు తలెత్తకుండా ఉండి ఒకసారి ఎత్తినప్పుడు కలిగే విస్మయం అది. ఇలాంటి ఒక వస్తువు లోకంలో ఉంది. ఎవరో దాన్ని ఆలోచించి తయారుచేశారు. నేను చేత్తో నెట్టుకున్న ప్రతి సాయంత్రమూ అది ఎక్కడో ఒక సొరుగులో ఉంది, దాన్ని పెట్టడం తెలిసిన మనుషులూ ఉన్నారు. మధ్యలో ఉన్నది రెండు గంటల దారీ, ఒక్క మాటా. ఆ మాట నా దగ్గరే ఉండిపోయింది.

కమిటీ మా ముందుగదిలో కూర్చుంది. ఆరెలియాని దూడలు చూసి రమ్మని పంపారు. నేను కాఫీ పోస్తున్నాను. మంచిదే, భయంలేని మనిషి, కానీ డాక్టరు కాదు కదా అన్నాడు మిల్టన్. పిల్లల జలుబులకీ ఆడవాళ్ళ నలతలకీ అయితే పనికొస్తుందన్నాడు ఇంకొకాయన. ఇంకో ఏడాది ఆగితే అసలు డాక్టరే దొరకొచ్చన్నారు. నా మొగుడు కప్పు నా ముందుకి చాపుతూ, "అంత తొందరేముంది? ఇక్కడ ఎవరికీ పెద్ద జబ్బుల్లేవు. మా ఇంట్లో చూడండి, డాక్టరు మొహం చూసి ఏళ్ళయింది, అందరం రాళ్ళలా ఉన్నాం" అన్నాడు. అందరూ తలలూపారు. ఇంకో ఏడాది. వాళ్ళకది మాట వరసకి ఒక ఏడాది. నాకది ఎన్ని సాయంత్రాలో నేను లెక్కపెట్టలేదు గానీ, ఒక్కటి కూడా ఇక మొయ్యలేనని తెలిసింది. కప్పులో కాఫీ పొయ్యలేదు. కూజాని బల్ల మీద పెట్టాను.

"నాకు మెయ్య దిగింది" అన్నాను. "పద్నాలుగేళ్ళయింది. పంచదార పోసినవాళ్ళు లేరు. ఆమెకి దాన్ని బాగుచెయ్యడం తెలుసు. ఆమె కావాలి."

భోజనం బల్ల దగ్గర ఆవుల గర్భసంచుల గురించి చేతులూపుతూ చెప్పిన ఆ మగవాళ్ళందరూ తమ తమ బూట్ల కేసి చూసుకుంటున్నారు. డ్వేన్ మెడ ఎర్రబడింది. "జనెల్, ఇప్పుడు ఈ మాటలు..." అని ఆగిపోయాడు. వంటింటి గుమ్మంలో మా అత్త నిలబడి ఉంది. చేతిలో తుడిచే గుడ్డ. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. ఇప్పుడు నన్ను తిడుతుంది అనుకున్నాను. ఎనభై నాలుగేళ్ళ మనిషి, నాకు ముప్ఫై ఏళ్ళుగా అత్త. గుడ్డని నాలుగు మడతలు పెట్టింది.

"ఒరే డ్వేన్, నాక్కూడా ఉందిరా. నువ్వు పుట్టినప్పటి నుంచి" అంది. "మీ నాన్నకి తెలియదు. ఆయన తెలియకుండానే పోయాడు."

తర్వాత ఎవరు ఏం మాట్లాడారో నాకు సరిగ్గా గుర్తులేదు. ఓటు వేసుకున్నారు, అందరూ చేతులెత్తారు, మిల్టన్ అందరికన్నా ముందు ఎత్తి బయటికి వెళ్ళి తన ట్రక్కులో కాసేపు ఒంటరిగా కూర్చున్నాడు. అతని భార్య పోయి రెండేళ్ళు. నేను మాత్రం మా అత్తనే చూస్తున్నాను. గాజు నడుములన్న ఆ నోరు, గడ్డి మోపులెత్తిన ఆ శరీరం, యాభై ఏళ్ళకి పైగా తన చేత్తోనే తన లోపలిదాన్ని నెట్టుకుంటూ నాకు పని చెప్పిన ఆ మనిషి. ఈమెని నేను ఎప్పుడూ చూడలేదు. ఒకే బాత్రూం వాడుకున్నాం, ఒకే పని చేసుకున్నాం, తలుపు వేసుకుని. ఆమె అన్న మాటలకి ఆమెని నేను ఇవాళ్టికీ క్షమించలేదు, కానీ ఆ రోజు ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకుని మిగిలిన గిన్నెలు నేనే తుడిచాను.

డ్వేన్ ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ, నాతో చెప్పొచ్చు కదా అన్నాడు. కొట్టంలో ఆవుతో మాట్లాడిన గొంతు కాదది, దారి తప్పిన గొంతు. చెప్పొచ్చు అన్నాను. అంతకన్నా తేలికైన జవాబు ఇవ్వాలనిపించలేదు.

జులైలో క్లినిక్ తాళం తీశారు. మా ఊళ్ళో ఎవరి ట్రక్కు ఎవరిదో అందరికీ తెలుసు, అందుకే ముసలి డాక్టరున్న రోజుల్లో ఆడవాళ్ళం దాణా కొట్టు ముందు ట్రక్కు ఆపి వెనకదారిన వెళ్ళేవాళ్ళం. నేను సరిగ్గా క్లినిక్ గుమ్మం ముందు ఆపాను. ఆరెలియా పరీక్ష చేస్తున్నంతసేపూ తను ఏం చెయ్యబోతోందో ముందు చెప్పి, సరేనా అని అడిగి, నేను సరే అన్నాకే చేసింది. నా ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి నన్ను అనుమతి అడగడం అదే మొదటిసారి. మొదటి రింగు చిన్నదైంది. రెండోది పెట్టి లేవమంది. దగ్గమంది. దగ్గాను.

"గెంతండి" అంది.

"గెంతనా?"

"గెంతండి. ఇక్కడ ఎవరూ లేరు."

యాభై రెండేళ్ళ దాన్ని, కాగితపు గౌనులో, చేతులు గాలిలో ఉంచి గెంతాను. మళ్ళీ గెంతాను. ఏమైనా తెలుస్తోందా అని అడిగింది. ఏమీ తెలియట్లేదన్నాను. ఏమీ తెలియకపోవడం ఇంత పెద్ద సంగతని నాకెవరూ చెప్పలేదు. బరువు లేదు, లాగడం లేదు, లోపల నేను కన్నేసి ఉంచాల్సిందేదీ లేదు. కాసేపు బయట నడిచి రండి, సౌకర్యంగా లేకపోతే మారుద్దాం, అంతా బాగుంటే రెండు వారాల్లో ఒకసారి కనిపించండి అంది.

బట్టలు వేసుకుని బయటికి వచ్చాను. ట్రక్కు దాటాను. కొట్టు దాటాను, చర్చి దాటాను, పశువుల సంత దాటాను. ఊరు అక్కడితో అయిపోతుంది. కంకర రోడ్డు గుట్టల మధ్యకి వెళుతుంది, రెండువైపులా గడ్డి, గాలికి అది ఒకసారి వెండిలా ఒకసారి పచ్చగా మారుతోంది. ఎండ బాగానే ఉంది. కాళ్ళు దూరంగా వేస్తున్నాను, పెద్ద అంగలు వేస్తున్నాను, వద్దనేవాళ్ళు లోపల లేరు. ఈ గుట్టల మధ్య ముప్ఫై ఏళ్ళు బతికాను, వీటిని ట్రక్కు అద్దంలోంచి తప్ప చూడలేదు. గుట్ట ఎక్కితే అవతల ఇంకో గుట్ట ఉంటుందని తెలిసీ, ఎక్కి చూసి, ఉందని ఆశ్చర్యపోతున్నాను.

మా దగ్గర రోడ్డు మీద నడిచే మనిషి కనిపిస్తే ట్రక్కు పాడయిందని అర్థం. మిల్టన్ ఎదురొచ్చి ఆగాడు, ఎక్కు, దింపుతానన్నాడు. ట్రక్కు బాగానే ఉందన్నాను. అతనికి ఎంతకీ అర్థం కాలేదు, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. పావుగంటలో డ్వేన్ ఫోన్ చేశాడు.

"రోడ్డు మీద నడుస్తున్నావట. ట్రక్కు ఆగిపోయిందా?"

"లేదు."

"మరి ఎక్కడికి వెళ్తున్నావు?"

"ఎక్కడికీ కాదు. నడుస్తున్నాను."

ఫోన్లో వంటింటి చప్పుళ్ళు వినిపిస్తున్నాయి, గడ్డి కోతకొచ్చిన మనుషులు భోజనానికి కూర్చున్నట్టున్నారు. మాంసం ఫ్రిజ్‌లో ఉంది, కోసి పెట్టు అన్నాను. సరే అన్నాడు.

"ఎప్పుడొస్తావు?"

రోడ్డు ముందుకి ఎంతదాకా కనిపిస్తుందో అంతదాకా చూశాను.

"అలిసిపోయాక" అన్నాను.